ఇరవై మూడో చుట్టు

అల్లుడికి కారు నడపడం రాదు. ఈ ముక్క ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఆయనగారు నోరు తెరిస్తే కార్ల రేసులు తప్ప మరో మాట ఉండదు. పగలంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు, మిగతా టైమంతా మన చెవులు అరగదీస్తాడు. ఇంట్లో ఒక గది నిండా పాత హెల్మెట్లు, చిరిగిన గ్లవ్స్, టికెట్ ముక్కలు. ఎప్పుడో పగిలిన హెడ్‌లైటు గాజుపెంకులు కూడా సీసాలో పోసి చీటీ అంటించాడు. ఏ ఏడు ఏ రేసులో ఎవడు ఎన్నో చుట్టులో టైరు మార్చాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పెళ్ళిరోజు మాత్రం ఏటా భార్యే గుర్తు చెయ్యాలి.

ఇరవై ఏళ్ళ పిచ్చంతా కలిపి ఒక పుస్తకం రాశాడు. రేపు పొద్దున అది ప్రెస్సుకి వెళ్ళాలి. అతను దేవుడిలా చూసుకునే ఛాంపియన్ వరసగా పదకొండు రేసులు గెలిచిన చరిత్ర అది. అందులో ఒక్క వెలితి ఉండిపోయింది. పదకొండో రేసులో రెండో స్థానంలో వచ్చిన డ్రైవరెవరో తెలీదు. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా మారుపేర్లతో రేసుల్లోకి దిగే రోజులవి. ఇతగాడు ‘పిచ్చుక’ అని రాయించుకున్నాడు. ఆ తర్వాత ఇక ఏ రేసులోనూ కనబడలేదు.

ఆ మధ్యాహ్నమే పోస్టులో ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో పదకొండో రేసు తాలూకు చుట్ల కాగితం, అసలుది, ప్రతి కారూ గీత దాటగానే మనుషులు చుట్టుకో గడి చొప్పున చేత్తో టైము రాసుకున్నది. అల్లుడు ఆనందం పట్టలేక, కత్తెర కోసం పై వాటా నుంచి దిగొచ్చిన అత్తగారికే చూపించాడు.

“చూడండి అత్తయ్యగారూ! నలభై ఎనిమిదేళ్ళ నాటి కాగితం! ఎవరో మహానుభావుడు, ఈ వరస ముత్యాల్లా రాశాడు!”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మహానుభావుడు కాదు బాబూ. నేనే.”

అల్లుడు నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

“పెళ్ళికి ముందు టైమ్‌కీపర్ల గదిలో పనిచేశాను. ఆ రోజు ఏడో నంబరు కారు లెక్క నాకిచ్చారు.”

ఏడో నంబరంటే పిచ్చుక! అల్లుడు గభాల్న ముందుకి వంగాడు. “ఎవరండీ అతను?”

“ఎవరో ఏవిటి? మీ మావగారు.”

అతను కాగితం కింద పెట్టేశాడు. రోజూ సాయంత్రం మావగారిని కూర్చోబెట్టి ఈ రేసు గురించే చెప్పి చెప్పి ఆయన చెవులు తినేశాడు. ‘పాపం, ఆ పిచ్చుక ఎవరో!’ అని తను అంటే, ఆ పెద్దమనిషి ‘పాపం’ అని తలాడించి ఊరుకునేవాడు. అల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

“అసలు సంగతి అది కాదు,” అంటూ అత్తగారు ఏడో నంబరు వరసలో ఇరవై మూడో గడి మీద వేలు పెట్టింది. మిగతా గళ్ళన్నీ రెండు నిమిషాల చిల్లర, టైరు మార్చిన చుట్టుతో సహా. ఇదొక్కటీ నాలుగు దాటింది.

“అక్కడ కారు మొరాయించిందని అప్పటి పేపర్లో పడిందండీ. పుస్తకంలో అలాగే రాశాను.”

“మొరాయించలేదు. అది రెండు చుట్లు. నా ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపారు. నేనూ ఊపాను, పెన్సిల్ పట్టుకున్న చేత్తోనే. ఆ చుట్టు రాయడం మర్చిపోయాను.”

అల్లుడు మనసులో లెక్క కూడాడు. నమ్మలేక మళ్ళీ కూడాడు. ఆ చుట్టు కలిపితే గెలిచింది పిచ్చుకే. ఛాంపియన్‌వి పదకొండు కాదు, పది!

“మావయ్యగారికి తెలుసా?”

“చెప్పలేదు. మీరూ చెప్పకండి, రాయకండి. మీకు దణ్ణం పెడతాను.”

“ఇది లెక్క అత్తయ్యగారూ! తప్పని తెలిశాక ఎలా అచ్చేయించను?”

“అచ్చేయిస్తే ఈ వయసులో నా కాపురం ఏమవుతుందో ఆలోచించారా?”

“ఎన్నో చుట్టు?”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గుమ్మంలో మావగారు, చేతిలో తడిబట్టల బకెట్టు. ఎంతసేపటినుంచి నిలబడ్డారో.

“ఇరవై మూడు,” అంది అత్తగారు.

ఆయన బకెట్టు కింద పెట్టి, కాగితం మీద గడి గడీ లెక్కపెట్టుకుంటూ వచ్చారు. ఆ గడి దగ్గర వేలు ఆగిపోయింది.

“నేను టైరు మార్చుకుంటున్నప్పుడు ఆ ఛాంపియన్ దాటేశాడన్నారు. నమ్మాను. నాకు చేతకాదనుకుని మానేశాను. నీకెప్పుడు తెలిసింది?”

“ఆ సాయంత్రమే.”

“సాయంత్రమే! మరి అప్పుడే చెప్పచ్చుగా!”

“చెప్పచ్చు,” అందావిడ. “ఆ ఏడాదే అదే ట్రాకు మలుపులో ఇద్దరు డ్రైవర్లు పోయారు. వాళ్ళ చుట్లు రాసింది కూడా నేనే. సగంలో ఆగిపోయాయి. గెలిచారని తెలిస్తే మీరు మానేవారా? చెప్పండి, మానేవారా?”

ఆ ఇద్దరూ అల్లుడి పుస్తకంలో ఉన్నారు, పేర్ల పక్కన పోయారని చిన్న చుక్క గుర్తుతో.

మావగారు ఆ గడి మీద నుంచి వేలు తీశారు.

“మానేవాణ్ణి కాదు,” అన్నారు చివరికి.

తర్వాత అల్లుడి వైపు తిరిగారు.

“రాసెయ్యి బాబూ. ఏడో నంబరు గెలిచిందని రాయి. ఆ చుట్టు ఎవరు మర్చిపోయారో మాత్రం రాయకు.”

అలా అన్నారు గాని, ఆవిడ వైపు చూడలేదు. బకెట్టు తీసుకుని బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదకి వెళ్ళిపోయారు. అత్తగారు ఆయన వెనకాలే రెండు మెట్లు ఎక్కి, అక్కడే ఆగిపోయింది.