ఏడిపించిన టమాటాలు

కళ్లజోళ్ల దుకాణం నడుపుకునే ఆ మనిషి, పెళ్లయిన ఇన్నేళ్లలో వంటింట్లోకి వచ్చింది మంచినీళ్ల కోసమే. అలాంటివాడు ఇవాళ నడుముకి తువ్వాలు చుట్టుకుని టమాటాలు తరుగుతుంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెళ్లాం గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కడ ఆవిడ పని బట్టల కుట్లు తనిఖీ చేయడం. ఇక్కడా ఎక్కడో కుట్టు ఊడిందని తెలిసిపోయింది.

"ఏమిటీ అవతారం?"

"పాస్తా. ఈ ఎండల్లో పొయ్యి దగ్గర నువ్వెక్కడ నిలబడతావని! సాస్ వండక్కర్లేదు, అంతా పచ్చిదే. పాస్తా ఉడికించి కలిపేయడమే."

అంత ప్రేమ చూసేసరికి అనుమానం రెట్టింపైంది. మొన్న తనకి జ్వరమొస్తే "కాఫీ పెట్టుకుని నాక్కూడా కాస్త ఇవ్వు" అన్న మహానుభావుడు! పైగా ఈమధ్య ఫోన్ బోర్లా పెడుతున్నాడు. మోగితే బాల్కనీలోకి పరుగు. ఎవతో తగులుకుంది, సందేహం లేదు. అలా అనుకోగానే స్టూలు మీద కూలబడింది. ఈ మనిషి కూడా చేజారితే తనకింకెవరున్నారు? అమ్మ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో మాటా మాటా పెరిగి, ఉన్న ఒక్క చెల్లెలితోనూ అప్పట్నుంచి రాకపోకల్లేవు.

"ఎవరు నేర్పారు?"

"ఒకరు నేర్పాలా? ఫోన్లో చూశా," అని నీళ్లు నమిలాడు.

"నా దగ్గర మీ పప్పులుడకవు."

"పప్పు కాదు, పాస్తా," అని ఇకిలించాడు. ఆవిడ నవ్వలేదు.

నలిపిన వెల్లుల్లి, చేత్తో తుంచిన, తులసిలాంటి బేసిల్ ఆకులు ఓ పక్కన ఉన్నాయి. ఆవిడ విసురుగా లేచి ఆలివ్ నూనె సీసా అందుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పుడే వద్దు. ముందు ఉప్పు చల్లి కాసేపు ఏడిపించాలి."

సీసా గాల్లోనే ఆగింది. ఉప్పుకి ముక్కలు నీరు వదిలితే లోకమంతా ఊరాయంటుంది. ఏడ్చాయనేది ఇద్దరే, తనూ తన చెల్లెలూ. చిన్నప్పుడు దోసకాయ ముక్కలకి ఉప్పు రాసి, గిన్నె చుట్టూ చేరి "ఏడ్చాయా? ఇంకా లేదే!" అని పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ మాట కట్టుకున్నవాడికి కూడా ఆవిడ ఎన్నడూ చెప్పలేదు.

"అది మీకెప్పుడు కలిసింది?"

ఆయన కత్తి కింద పెట్టాడు. "కళ్లజోడు విరిగితే దుకాణానికొచ్చింది. నీకు చెప్పొద్దంది. ఈ వంట కూడా ఫోన్లో తనే నేర్పింది."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. పరాయిది ఎవతైనా అయితే జుట్టు పట్టుకునేది. సొంత మొగుడు, సొంత చెల్లెలు, తన వెనకాల గూడుపుఠాణీ! "నా గురించి ఏం కూపీ లాగింది?"

"ఏమీ అడగలేదు. 'తొక్క నోటికి తగిలితే అక్క తినదు, మర్చిపోకుండా వలిచెయ్యి బావా' అంది. నాకిన్నాళ్లూ తెలీనే తెలీదు."

ఆవిడ గిన్నెలోకి చూసింది. ఒక్క ముక్కకీ తొక్క లేదు. ఆయన ఫోన్ లాక్కుని చెల్లెలి నంబరు నొక్కింది.

"చెప్పు బావా," అంది అవతలి గొంతు.

"బావ కాదు, నేను."

ఎక్కడ ఫోన్ పెట్టేస్తుందోనని ఆవిడకి భయమేసింది.

"నీళ్లు మరుగుతున్నాయే," అంది గబగబా. "పాస్తా ఇద్దరికి వెయ్యనా, ముగ్గురికి వెయ్యనా?"