కంచె లోపలి మొగుడు

కంచె దాటి లోపలికి అడుగుపెట్టామంటే మాకు 1836 తర్వాతి సంగతి ఏదీ తెలియకూడదు. మా ఫెన్విక్ హాలో పాతవూరు ఆనాటి బతుకుని జనానికి ఆడి చూపించే మ్యూజియం, అందులో పనిచేసే వాళ్లందరికీ అదొక్కటే గట్టి నియమం. ఫోన్లు, చేతి గడియారాలు, సొంత పేర్లు గేటు పక్క గదిలో వదిలేసి, పొడుగు గౌను తొడుక్కుని, టోపీ తాడు గడ్డం కింద బిగించుకుని వచ్చేస్తాం. ఆ తర్వాత నెత్తి మీద విమానం పోయినా తలెత్తి చూడకూడదు. చూడ్డానికి వచ్చిన జనంలో ఎవరైనా దాని గురించి అడిగితే, ఏ పక్షి గురించి అడుగుతున్నారో తెలియనట్టు మొహం పెట్టాలి. నేను రొట్టెల పొయ్యి దగ్గర విధవరాలు టాబితాని. బయట నా పేరు బెర్నడెట్. నా మొగుడు నిక్షేపంగా ఉన్నాడు, సోఫాలోంచి లేవడం ఒక్కటే కష్టం.

నా పొయ్యికి ఎదురుగా కొలిమి. అక్కడ కమ్మరి మిస్టర్ టటిల్, అతని భార్య మిసెస్ టటిల్. ఆ కాలంలో మా మసాచుసెట్స్‌లో ఆలుమగలు కూడా ఇంటిపేర్లతోనే పిలుచుకునేవారు, మర్యాదగా మీరు మీరు అనుకునేవారు. వీళ్ల అసలు పేర్లు వెండెల్, కొరీన్. నిజంగానే ఆలుమగలు. కాకపోతే రెండేళ్లుగా అతను ఊళ్లో ఇనప సామాన్ల కొట్టు మీద గదిలో ఉంటున్నాడు, ఆమె మిల్లు రోడ్డులో ఇంట్లో ఉంటోంది. విడాకుల దాకా పోలేదు గానీ మాటలు లేవు. కిరాణా కొట్లో ఎదురుపడితే ఒకరు గుడ్ల వైపు, ఒకరు సబ్బుల వైపు తిరిగిపోతారు. పొద్దున్నే గేటు బయట ఎడమొహం పెడమొహంగా కార్లు దిగుతారు. కంచె దాటగానే ఆమె, “శుభోదయం మిస్టర్ టటిల్, రాత్రి మీ దగ్గు తగ్గిందా?” అంటుంది. అతను టోపీ తీసి, తమరి దయవల్ల తగ్గిందంటాడు.

ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మారుస్తానని మా మేనేజరు లూసిల్ అడిగి చూసింది. కొలిమి పని తెలిసినవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. కొరీనేమో, అతని కోసం తన పని తానెందుకు మానుకోవాలంది. అలా ఇద్దరూ ఉండిపోయారు.

ఈ గొడవలో నేను మొదటినుంచీ కొరీన్ పక్షమే, దాచుకునేదేం లేదు. వెండెల్ చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు. కానీ పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెని ఒక్క మాట అడిగి చేసిన పని లేదు. ట్రక్కు కొని ఇంటి ముందు నిలబెట్టాక చెప్పాడు. ఆమె తండ్రి వాడిన తెడ్ల పడవని ఎవరో బంధువుకి ఇచ్చేశాక చెప్పాడు. ఒకరోజు వెనక పెరట్లో ఆపిల్ చెట్లు కొట్టించేశాక చెప్పాడు. ఆ రోజు ఆమెకి ఒళ్లు మండి, అన్నీ నీ ఇష్టమే అయితే నువ్వొక్కడివే ఉండు పో అంది. అనడమే ఆలస్యం, అతను పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. దానికి కూడా ఆమెని అడగలేదు.

మధ్యాహ్నం ఆమె గుడ్డలో మూట కట్టి కొలిమికి భోజనం తెస్తుంది. ఉడికిన బీన్సు, నల్ల రొట్టె, ఒక్కోరోజు ఆపిల్ పై ముక్క, పక్కన చీజు. జనానికి మా ఊళ్లో బాగా నచ్చేది అదే. నీటి మర తిరగడం, ఎద్దులబండి ఎక్కడం, కొవ్వొత్తులు పోయడం అన్నీ వదిలేసి అక్కడ మూగుతారు. అతను బల్ల మీద కూర్చుని తింటాడు, ఆమె పక్కన నిలబడుతుంది. ఇద్దరూ ఆవు గురించి మాట్లాడుకుంటారు. ఆవు మేత తినడం లేదని ఆమె దిగులు పడుతుంది. సాయంత్రం వచ్చి చూస్తానని అతను ధైర్యం చెబుతాడు. అసలు ఆవే లేదు. లేని ఆవు మీద అంత ప్రేమ ఏమిటని ఒకసారి కొరీన్‌ని ఆటపట్టించాను. నియమం ప్రకారం మాట్లాడుతున్నానని మొహం అటు తిప్పుకుంది.

అక్టోబరు చివరికి మా ఊరు మూసేస్తారు, మళ్లీ తెరిచేది వసంతంలోనే. ఈసారి ఆఖరి ఆదివారం పొద్దున లూసిల్ కాఫీ తాగుతూ నోరు జారింది. వర్జీనియాలో ఇంతకంటే పెద్ద మ్యూజియంలో వెండెల్‌కి ఉద్యోగం వచ్చిందట. ఈ వారమే ప్రయాణమట. ఎవరికీ చెప్పొద్దన్నాడట. నాకు కడుపు మండిపోయింది. గేటు గదిలో టోపీలు కట్టుకుంటుండగా ఉన్నదున్నట్టు కొరీన్ చెవిన వేశాను. ఆమె చేతులు తాడు మీదే ఆగిపోయాయి.

“నాకెందుకు చెబుతున్నావు బెర్నీ? అతను ఎక్కడికి పోతే నాకేం?” అని, తాడు లాగి ముడేసుకుని కంచె దాటి వెళ్లిపోయింది. ఆ ముడి విప్పాలంటే కత్తెర కావాలి.

మధ్యాహ్నం అయింది. ఆఖరి రోజని జనం బాగా వచ్చారు. మూట పట్టుకుని కొరీన్ నా పొయ్యి ముందు నుంచి నడుస్తుంటే నేను ఉండబట్టలేక వెనకే వెళ్లాను. రొట్టెలు మాడితే మాడనీ అనుకున్నాను. ఆమె మూట బల్ల మీద పెట్టింది గానీ విప్పలేదు.

“మీరు ఒహాయో పోతున్నారని విన్నాను, మిస్టర్ టటిల్.”

ఆ కాలంలో ఊరు వదిలిన వాళ్లు చాలామంది ఒహాయోకే పోయేవారు. ఆమె అంటున్నది వర్జీనియా గురించేనని వెండెల్‌కి అర్థమైంది. సుత్తి దించాడు.

“ఎవరు చెప్పారు?”

“ఊరంతా చెబుతోంది. మీరు తప్ప.”

జనం నవ్వారు. వెండెల్ నవ్వలేదు. చెబుదామనే అనుకున్నానన్నాడు. ఎప్పుడు, బండి నది దాటాకా అని ఆమె అడిగింది. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచి, అచ్చం నీలాగే ఉన్నాడంది.

వెండెల్ ఇనుముని నిప్పుల్లో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. అక్కడ కొలిమి పెద్దదన్నాడు. ఇక్కడ తన గదిలో నాలుగు గోడలు తప్ప పలకరించేవాళ్లు ఎవరున్నారన్నాడు. టటిల్‌కి ఉన్నది ఇల్లు, గది కాదు. ఆ తడబాటు జనానికి తెలియలేదు గానీ నాకు తెలిసింది.

“మీరూ రావచ్చు,” అన్నాడు ఇనుముని చూస్తూనే. “వస్తారా?”

 వెండెల్ ఆమె ఇష్టమేమిటని అడగడం నేను వినడం అదే మొదటిసారి. కొరీన్ తొణకలేదు.

“అడుగుతున్నదెవరు? టటిల్ అడిగితే మిసెస్ టటిల్ మూట కట్టుకుని బండెక్కాల్సిందే, ఆవిడకి వేరే దారి లేదు. అడుగుతున్నది నువ్వేనా, వెండెల్?”

కంచె లోపల సొంత పేరు.  వెండెల్ బొటనవేలి మీద సుత్తి పడ్డప్పుడు కూడా 1836 భాషలోనే ఏడ్చిన మనిషి. ఇనుము వదిలేసి చేతులు తుడుచుకుని, ఆమె వైపు తిరిగాడు.

“నేనే. నేనే అడుగుతున్నా, కొరీన్.”

“అడిగావు, సంతోషం. రాను. మా అమ్మ ఇక్కడుంది, నా ఇల్లిక్కడుంది.”

నాకు లోపల్లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. తగిన శాస్తి జరిగిందనుకున్నాను.  వెండెల్ గొంతులో కోపం లేదు.

“పొమ్మన్నావు, పోయాను. ఈ రెండేళ్లలో ఒక్కసారైనా తిరిగి రమ్మన్నావా? నేను అడగను, నిజమే. మరి నువ్వో?”

 నా సంతోషం అక్కడితో సరి. రెండేళ్లుగా ఆమె గోడు మొత్తం విన్నాను, తలూపాను, అతన్ని తిట్టిపోశాను. ఈ ఒక్క ప్రశ్న ఆమెని అడగాలని నాకు తోచనే లేదు.

“వస్తావనుకున్నా,” అంది కొరీన్ చివరికి. “రోజూ భోజనం తెస్తున్నాగా.”

“అది టటిల్‌కి తెచ్చావు.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోలేదు.

“అయితే ఇప్పుడు అడుగుతున్నా. పోకు. ఇంటికి రా.”

కొలిమిలో బొగ్గులు చిటపటమన్నాయి. ఎర్ర కోటావిడ కూడా మాట్లాడటం మానేసింది.  

“వర్జీనియా వాళ్లకి రానని చెప్పెయ్యనా?” అన్నాడు వెండెల్. “చెప్పకముందే అడుగుతున్నా.”

“చెప్పెయ్,” అంది కొరీన్.

అతను తోలు ఏప్రన్ విప్పి మేకుకి తగిలించాడు. ఆమె మూట విప్పి చూసి, ఇది చల్లారిపోయింది, ఇంట్లో సూప్ ఉంది వేడి చేస్తానంది. ఇద్దరూ జనం మధ్యలోంచి నడిచి, మసి చేతులతో, పాతకాలం టోపీలతో పెద్ద గేటు గుండానే బయటికి వెళ్లిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. ఎర్ర కోటావిడ కళ్లు తుడుచుకుంటూ, ఈ ఆట రోజూ ఉంటుందా, మా అక్కని తీసుకొస్తానంది. లేదమ్మా, ఇవాళ ఒక్కరోజే అన్నాను.

అవతల నా రొట్టెలు మాడిన వాసన. ఇవతల మండుతున్న కొలిమి, ముందు మనిషి లేడు. లూసిల్ పరుగున వచ్చి నావైపు గుడ్లురిమి చూసింది. ఆలోపే కొత్త గుంపు ఒకటి వచ్చి, కమ్మరి ఏడని నన్ను అడిగింది. నేనింకా కంచె లోపలే ఉన్నాను. పిండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకున్నాను.

“భోజనానికి ఇంటికెళ్లాడు,” అన్నాను.