అట్ట చెప్పిన మార్కులు

మందుల షాపాయన కొడుకు ఇంట్లోనే రోజుకో పాత ప్రశ్నపత్రం రాస్తున్నాడట. తండ్రి గడియారం ఎదురుగా పెట్టుకుని మరీ కూర్చుంటున్నాడట. ముప్పైకి ఒక్కటి తగ్గినా పిల్లాడికి ఆ పూట ఆట బందట. ఈ సంగతి పైవాటా ఆవిడ మెట్ల మీద నిలబడి టైలరు భార్య చెవిన వేసింది. భార్య కాజాలు కుడుతూ కుడుతూ టైలరు చెవిన వేసింది. పైవాటా ఆవిడ నోట్లో పడ్డ ఏ మాటైనా మూడింతలై బయటికొస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఇందులో మూడోవంతే నిజమనుకున్నా టైలరు గుండెలో రాయి పడింది.

పరీక్షకి ఇంకా నెలరోజులుంది. ఐదో తరగతి పిల్లలందరికీ ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రం. ముప్పై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, నాలుగు గుండ్రాలు. సరైన జవాబు గుండ్రాన్ని పెన్సిలుతో నింపాలి. ఇరవై నాలుగు దాటితే రైలు గేటు అవతలి పెద్ద బడిలో సీటు. దాటకపోతే సందు చివరి బడి. అందులో లెక్కల మాస్టారు పోయి రెండేళ్ళయింది, ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. టైలరు కూతురికేమో లెక్కలంటే ప్రాణం. పుట్టినప్పుడు కోటు గుండీ అంత ఉందని నాయనమ్మ ఆ పిల్లని గుండీ అంది. పదేళ్ళొచ్చినా ఇంట్లో అదే పేరు.

"వాళ్ళ పిల్లాడికి కొమ్ములున్నాయా? మనమూ రాయిద్దాం" అని టైలరు ఆ సాయంత్రమే జవాబులతో సహా నాలుగు పాత ప్రశ్నపత్రాలు కొనుక్కొచ్చాడు.

చిక్కేమిటంటే, అది బడి యూనిఫారాలు కుట్టే కాలం. ముందుగదిలో మిషను పక్కన నీలం గుడ్డ నడుమెత్తు పేరుకుపోయి ఉంది. ఒక్కో ప్రశ్నా చదివి దిద్దే తీరిక ఎక్కడిది? అందుకని తన పనివాటం తను వాడాడు. యాభై చొక్కాలకి యాభైసార్లు కొలత పెట్టడు కదా, ఒక్క అట్ట కత్తిరించుకుని దాన్నిబట్టి గుడ్డలన్నీ కోస్తాడు. ఇదీ అంతే. ప్రశ్నల అంకెలు వదిలేసి, గుండ్రాలున్న మేరకే ఒక పొడుగాటి అట్ట కోశాడు. సరైన జవాబులున్న చోట పెన్సిలుతో సున్నాలు గీసి, ఆ గీతల లోపల చిల్లులు కొట్టాడు. పిల్ల రాసిన కాగితం మీద అట్ట పరిస్తే, చిల్లులో నలుపు కనిపిస్తే ఒప్పు, తెలుపు కనిపిస్తే తప్పు. అరనిమిషంలో లెక్క తేలిపోతుంది. నాలుగు పేపర్లకీ నాలుగు అట్టలు.

"మందుల షాపాయన దగ్గరుందా ఇది?" అని భార్య ముందు అట్టని ఊపాడు.

మొదటి ఆదివారం గుండీ కటింగు బల్ల చివర కూర్చుని పావుగంట ముందే రాసేసింది. టైలరు అట్ట పరిచాడు. ముప్పైకి రెండు.

"రెండా?" అన్నాడు.

గుండీ కుర్చీ ఎక్కి చూసింది. "నాన్నా, మొదటిది ఐదే కదా? మీటరున్నర గుడ్డలో ముప్పై సెంటీమీటర్ల ముక్కలు ఎన్నొస్తాయని అడిగాడు. ఐదు గుండ్రమే నింపాను."

టైలరు నోట్లో నాలుగు పిన్నులున్నాయి. చేతిలో ఎవరిదో మెడపట్టీ ఉంది. పిన్నులు తీయకుండానే అన్నాడు: "అట్ట అబద్ధం చెబుతుందా? దానికేం, నీమీద పగా? తొందరపడ్డావు. నెమ్మదిగా చదివి రాయి."

రెండో ఆదివారం నెమ్మదిగా చదివి రాసింది. ఒకటి వచ్చింది. మూడో ఆదివారం మూడు. ఆ మూడుకి టైలరు ఒంటికాలి మీద లేచాడు. "బల్ల మీద కూర్చుని కలలు కంటున్నావా? నీకు లెక్కలొచ్చని ఊరంతా చెప్పుకున్నాను కదే!" గుండీ ఆ కాగితం తీసి సొరుగులో పడేసింది. నాయనమ్మ కసిరింది: "ఒరేయ్, పిల్లని మిషను కింద పెట్టి తొక్కుతావేంట్రా?"

నాలుగో పేపరప్పుడు టైలరు మిషను మీంచి ఓ కన్నేసి ఉంచాడు. పిల్ల ఒక గుండ్రం మీద పెన్సిలు మొన పెట్టి, ఆగి, ఎత్తేసి, పక్కదాన్ని నింపుతోంది. మళ్ళీ అంతే. ఇన్నాళ్ళకి ఆలోచించడం వచ్చిందనుకున్నాడు. పదకొండొచ్చాయి. టైలరు పొంగిపోయి పిల్ల వీపు తట్టాడు. "చూశావా! ఏం చేశావీసారి?"

"ఏం లేదు నాన్నా" అంది గుండీ. "నాకు ముందు ఏది తోస్తే అది వదిలేశాను."

టైలరు నవ్వాడు. పెద్ద తెలివి మాట అనుకున్నాడు.

పరీక్ష శనివారం. గురువారం మధ్యాహ్నం నాయనమ్మ గుండీల డబ్బా ముందేసుకుని తెల్లవీ నీలంవీ వేరు చేస్తూ విసుగెత్తింది. బల్ల మీద ఖాళీ జవాబు కాగితం కనిపించింది. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. "ఈ సున్నాలు నింపడమేగా మీ పరీక్ష! నేనూ రాస్తాను" అని పెన్సిలు తీసుకుని, చొక్కాకి గుండీలు కుట్టినట్టు వరసకొకటి చొప్పున కిందిదాకా నింపేసింది. "దిద్దరా!"

టైలరు సరదాకి మొదటి అట్ట పరిచి లెక్కపెట్టాడు. తొమ్మిది.

"తొమ్మిదే!" నాయనమ్మ చప్పట్లు కొట్టింది. "నన్ను పంపించండ్రా పెద్ద బడికి! జడలు కూడా వేసుకుంటాను."

టైలరు భార్య మాత్రం నవ్వలేదు. దారం కొరికి, సూది పమిటకి గుచ్చుకుంది. "చదువురాని అత్తయ్యకి తొమ్మిది, తరగతిలో మొదటొచ్చే పిల్లకి రెండా? ఏమండీ, రోగం పిల్లకి కాదు, మీ అట్టకి."

"అట్టకేమొచ్చింది? నా చేత్తో కోశాను."

"మీ చేత్తో కోశారు కాబట్టే చూడమంటున్నాను. ఆ మొదటి ప్రశ్న ఒక్కసారి చదవండి. గుడ్డ లెక్కేగా, మీకు రాదా?"

టైలరు చదివాడు. మీటరున్నర. ముప్పై సెంటీమీటర్ల ముక్కలు. ఇందులో లెక్కేముంది, రోజూ చేసే పనే. ఐదు. ఐదు రెండో గుండ్రం. అట్టకి చిల్లు మూడో గుండ్రం మీదుంది.

అట్ట తిరగేశాడు. తను గీసిన పెన్సిలు గీతలన్నీ అడుగువైపున ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా గుడ్డకి లోపలివైపు గీత గీసి, గీత పైకి కనబడకుండా తిప్పి పెట్టడం అలవాటైన చెయ్యి. అట్టనీ అలాగే బోర్లా పరిచింది. మొదటి గుండ్రం నాలుగోదైంది, రెండోది మూడోదైంది. నాలుగు అట్టలూ అంతే, నాలుగు వారాలూ అంతే. పిల్ల ఎంత ఒప్పు రాస్తే అన్ని మార్కులు పోయాయి.

సొరుగులోంచి పాత కాగితాలు తీసి, అట్టలు గీతలవైపు పైకి పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. తను వీపు తట్టిన నాలుగోది, పద్నాలుగు.

గుండీ బడి నుంచి వచ్చి సంచీ దించకముందే టైలరు ఎదురెళ్ళాడు. కాగితాలు చేతిలో పెట్టి, అట్టని ఇటూ అటూ తిప్పి చూపించి, జరిగిందంతా గబగబా చెప్పేశాడు. నాయనమ్మ తన తొమ్మిది సంగతి కూడా చెప్పింది. గుండీ ఇరవై ఎనిమిది వచ్చిన కాగితాన్ని కాసేపు చూసింది. మొహంలో వెలుగేమీ రాలేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

"అయిందేదో అయింది" అన్నాడు టైలరు. "పరీక్ష ఇంకా ఎల్లుండే కదా. నీకు ముందు ఏది తోస్తే అదే నింపు. నీకు తోచేదే ఒప్పు. నా మాట నమ్ము తల్లీ."

గుండీ సంచీ దించి, తండ్రి మొహంలోకి సూటిగా చూసింది.

"మొదటిరోజే ఐదని చెప్పాను. అట్ట అబద్ధం చెప్పదన్నావు. మరి నేను చెబుతాననుకున్నావా నాన్నా?"