పెసరట్టు కింద సినిమా

నేను ఒక నల్లబల్లని. నల్లబల్ల అనడం మర్యాద కొద్దీ అనడమే. పాతికేళ్ళ సుద్దపొడి ఒంట్లోకి ఇంకిపోయి ఇప్పుడు బూడిద రంగులోకి దిగిపోయాను. పొడవు నాలుగడుగులు, ఎత్తు మూడు. రాజమండ్రిలో ఒక వడ్రంగి షెడ్డులో పుట్టాను. నన్ను టేకు అని చెప్పి అమ్మారు. నేను వేపచెక్కనని నాకు తెలుసు గానీ, అమ్మేవాడి మాటకు అడ్డం చెప్పేందుకు నాకు నోరెక్కడిది?

మొదట నిడదవోలులో ఒక బడికి వెళ్ళాను. ఏడో తరగతి గోడకు పదకొండేళ్ళు వేలాడాను. ఏటా బడి తెరిచేముందు పిల్లలు దొండాకు పసరులో బొగ్గుపొడి కలిపి నా ఒంటికి పట్టించేవారు. అక్కడ నేను నేర్చుకున్న చదువు ఒక్కటే. నా మీద రాసింది గుడ్డతో తుడిచేస్తే పోయిందని మనుషులు గట్టిగా నమ్ముతారు. లెక్కల మాష్టారు ఒకరోజు 'అల్లరి చేసినవాళ్ళు' అని రాసి, కింద ఒక పిల్ల పేరు రాశాడు. సాయంత్రానికల్లా తుడిచేశాడు కూడా. ఆ పిల్ల మాత్రం పదో తరగతి దాటేదాకా అల్లరిపిల్లగానే మిగిలిపోయింది.

తరవాత బడికి ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి. నన్ను తీసి వరండాలో గోడకు చేరేశారు. అక్కడినుంచి గవర్రాజు ఎత్తుకొచ్చాడు. ఎత్తుకొచ్చాడంటే దొంగతనంగా కాదు, అడిగే తెచ్చుకున్నాడు.

గవర్రాజుది స్టేషన్ రోడ్డులో టిఫిన్ హోటల్. మనిషికి నలభై అయిదేళ్ళుంటాయి. చేతికి అట్లకాడ, నోటికి మాట, రెండూ ఖాళీగా ఉండవు. తెల్లారేసరికి నన్ను గుమ్మం పక్కన నిలబెట్టి, 'ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, పూరీ' అని రాస్తాడు. పూరీ అయిపోతే పూరీని కొట్టేస్తాడు. ఇంతవరకూ లోకంలో ఏ హోటల్ బల్లకైనా ఉండే బతుకే.

కానీ గవర్రాజుకి సినిమా జబ్బు ఉంది. శుక్రవారం టిఫిన్లు అయిపోగానే పెనం మీద నీళ్ళు చల్లి, చొక్కా మార్చుకుని, పదకొండు గంటల ఆటకు వెళ్ళిపోతాడు. ఎప్పుడూ ఒక్కడే. తిరిగొచ్చాక పెసరట్టు కింద ఉన్న జాగాలో ఆ సినిమా గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. బాగుందా, బాగాలేదా అన్నది ఒక్క మాటలో తేల్చేసేవాడు. అసలు సంగతి దాని తరవాత వచ్చేది. ఆ సినిమా ఎవరితో చూడాలో, ఎవరితో చూడకూడదో రాసేవాడు.

'అత్తాకోడళ్ళ కథ. బాగుంది. అత్తా కోడలూ విడివిడిగా వెళ్ళండి.'

'దెయ్యం సినిమా. బావమరిదిని తీసుకెళ్ళండి. మీకన్నా ముందు అతనే అరుస్తాడు, మీ పరువు దక్కుతుంది.'

'ప్రేమకథ. పెళ్ళై అయిదేళ్ళు దాటినవాళ్ళు భార్యతో వెళ్ళొద్దు. ఇంటికొచ్చాక ప్రశ్నలుంటాయి.'

'పోలీసు సినిమా. ఒంటరిగా వెళ్ళండి. నిద్రపోయినా అడిగేవాళ్ళుండరు.'

ఊరు దీన్ని నవ్వులాటగా తీసుకుందనుకుంటున్నారేమో. లేదు. కొత్తల్లుళ్ళు నన్ను చదివి గానీ టిక్కెట్టు కొనేవారు కాదు. ఒకసారి ఒకాయన కాఫీ కూడా తాగకుండా గవర్రాజు మీదికి వచ్చేశాడు. "మావగారితో పర్లేదని రాశారు కదండీ. మజ్జిలో ఆ పాట వచ్చిందండి. ఇద్దరం తలకాయలు దించుకుని, కిందపడ్డ చెప్పు వెతుక్కుంటున్నట్టు కూర్చున్నామండి, పాట అయ్యేదాకా." గవర్రాజు నాలిక కరుచుకుని, ఆ పూటే నా దగ్గరికొచ్చి 'మావగారితో' అన్న మాట తుడిచి 'స్నేహితులతో' అని దిద్దాడు.

అలా నన్ను నమ్ముకున్నవాళ్ళలో ఒకావిడ ఉండేది. పేరు మంగతాయారు. అరవై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. ఆ వేసవిలోనే భర్తతో తణుకు నుంచి ఊళ్ళోకి వచ్చి, రైలు గేటు అవతల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. శనివారం పొద్దున్నే వచ్చి ఇడ్లీ పార్సిల్ చెప్పి, అది కట్టేలోగా నా ముందు నిలబడి సినిమా మాట చదువుకునేది. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పజెప్పడానికి బట్టీ పడుతున్నట్టు పెదాలు కదిలేవి. ఆవిడ భర్తను మాత్రం గవర్రాజు ఎప్పుడూ చూడలేదు.

ఆ శుక్రవారం గవర్రాజు హాలు నుంచి కందగడ్డలాంటి మొహంతో తిరిగొచ్చాడు. సుద్దముక్క విరిగేంత గట్టిగా రాశాడు.

'సినిమా చాలా బాగుంది. కానీ చీరల పిచ్చి ఉన్న ఆడవాళ్ళు ఉన్న హాల్లో చూడొద్దు. కథ జరుగుతుంటే ఉల్లిపొట్టు రంగు, నెమలికంఠం అంచు అని మొగుడి చెవిలో జోరీగలాగా. ఇలాంటివాళ్ళు సినిమాకి కాదు, బట్టల కొట్టుకి వెళ్ళాలి.'

ఆ సాయంత్రం టిఫిన్‌కి వచ్చినవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. "ఎవరండీ ఆవిడ?" అని అడిగారు. "ఎవరో, చీకట్లో మొహం కనపడలేదు. నా వెనక వరసే. లైట్లు ఆర్పాక వచ్చారు, లైట్లు వెయ్యకముందే లేచి పోయారు" అన్నాడు గవర్రాజు పెసరట్టు తిరగేస్తూ.

మర్నాడు మంగతాయారు వచ్చింది. ఇడ్లీ చెప్పింది. నా ముందు నిలబడింది. మొదటిసారి చదివింది. రెండోసారి చదవలేదు. మెడ దగ్గర కొంగు సవరించుకుని, లోపల పార్సిల్ కడుతుండగానే వెళ్ళిపోయింది. "పిన్నిగారూ, ఇడ్లీ" అని గవర్రాజు కేకేశాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఏదో పనిమీద ఉందనుకున్నాడు ఆ అమాయకుడు. నాకు మాత్రం అర్థమైంది. నా మీద ఉన్న అక్షరాలు ఎవరికి తగిలాయో చదివేవాళ్ళ మొహం చూస్తే తెలిసిపోతుంది. నాకు ఎదురుగా కనపడేది మొహాలే కదా. ఆ పూట నాకు చాలా సిగ్గేసింది. చేతులుంటే నేనే తుడుచుకునేదాన్ని.

మూడు శనివారాలు ఆవిడ రాలేదు. గవర్రాజు ఆ మాట ఎప్పుడో చెరిపేశాడు. దాని మీద ఇంకో మూడు సినిమాలు కూడా రాశాడు.

నాలుగో శనివారం, టిఫిన్ల సందడి తగ్గాక, ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతికర్ర. పక్క కొట్ల గోడలు తడుముకుంటూ, మెట్టును కర్రతో కొట్టి చూసుకుని, సరిగ్గా నా ముందుకొచ్చి ఆగాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, ఆయనకు చూపు లేదని.

"ఇది గవర్రాజు గారి హోటలేనాండి?" అన్నాడు.

"ఆయ్, నేనేనండి. రండి బాబాయిగారూ, కూర్చోండి" అంటూ గవర్రాజు చెయ్యి పట్టుకుని కుర్చీ చూపించాడు.

"కూర్చోడానికి కాదండి. మీ బల్ల మీద సినిమా సంగతి రాస్తారంట కదా. కాస్త చదివి పెడతారా? నా పేరు కామేశం. మా ఆవిడ ప్రతివారం చదివొచ్చి చెప్పేది. మూడు వారాల్నించి అడుగుతుంటే, ఏవీ బాగాలేవంట, గవర్రాజు గారు అన్నిట్నీ తిట్టిపోశారంట అంటోంది. వరసగా మూడు సినిమాలు బాగోకపోవడం ఏవిటా అని నాకు అనుమానం వచ్చింది."

గవర్రాజు చదివాడు. ఆ వారం సినిమాని అతను మెచ్చుకునే ఉన్నాడు. కామేశం తల పంకించాడు. "మరి బాగుందనే రాశారే. మా ఆవిడ అబద్ధం ఎందుకు చెప్పిందో. మేం ఆఖర్న చూసింది ఆ వంతెన సినిమా అండి, మీ మాట కోసం ఆగకుండా శుక్రవారమే వెళ్ళిపోయాం. ఎంత బాగుంది. వంతెన మీద ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది చూడండి, ఉల్లిపొట్టు రంగు చీర, నెమలికంఠం అంచు. ఆ రెండూ కలిపి ఎవరూ కోరి కట్టరండి. ఆ పిల్లకి ఇష్టంలేని పెళ్ళి అని నాకు అక్కడే తెలిసిపోయింది."

గవర్రాజు చేతిలో ఉన్న గ్లాసు టేబుల్ మీద పెట్టాడు. పెట్టిన చప్పుడు నాకు వినపడింది.

"ముప్ఫై రెండేళ్ళు తణుకులో చీరల కొట్లో చేశానండి" అని ఆ పెద్దాయన తన మానాన చెప్పుకుపోతున్నాడు. "షుగరు వల్ల చూపు పోయింది. కథ వినపడుతుందండి, మాటలు వినపడతాయి. రంగులు వినపడవు కదా. అవి మా ఆవిడ చెబుతుంది. మేం వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జనం చూసి అయ్యో అంటారని, చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేస్తాం."

గవర్రాజు అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ధైర్యం చాలక ఒక పిచ్చి ఉపాయం వేశాడు. "బాబాయిగారూ, రేపు నాతో రండి. నేను తీసుకెళ్తాను. నేనూ చెబుతాను మీకు" అన్నాడు. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవడం కన్నా కష్టమైన పనులన్నీ ముందు చేస్తారు. ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ వెళ్ళొచ్చారు. వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. గవర్రాజు మెడ చెమటతో తడిసిపోయింది. గొంతు కూడా బొంగురుపోయింది.

"ఎలా ఉంది బాబాయిగారూ?"

కామేశం కాసేపు కర్ర తిప్పుతూ కూర్చున్నాడు. "ఏమీ అనుకోకండి. హీరో వచ్చాడు, కారు దిగాడు, కొట్టాడు అని చెప్పారు. అదంతా నాకు వినపడుతూనే ఉందండి. కారు ఏ రంగు అంటే, ఏదో ఎరుపు అన్నారు. ఏ ఎరుపండీ? కుంకుమా, కనకాంబరమా, దానిమ్మ గింజా? మీరు నాకు సినిమా చెప్పారు. మా ఆవిడ చూపిస్తుంది."

ఇక గవర్రాజు ఆగలేకపోయాడు. తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. ఏం రాశాడో ముక్క పోకుండా అప్పజెప్పాడు. తుడిచేసి ఇన్నాళ్ళయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు. జోరీగ అన్న మాటను కూడా మింగెయ్యకుండా చెప్పాడు.

రైలు గేటు పడింది, గూడ్సు బండి వెళ్ళింది, గేటు లేచింది.

"చీరల పిచ్చి మా ఆవిడకి కాదండి. నాకు" అన్నాడు కామేశం చివరికి. "ఆవిడ జన్మలో నాలుగు నేత చీరలకు మించి కట్టలేదు. ఈ రంగుల పేర్లన్నీ నాకోసం నేర్చుకుంది. ఈ వయసులో. కొట్టుకు వెళ్ళి, నా దగ్గర పనిచేసిన కుర్రాణ్ణి అడిగి మరీ నేర్చుకుంది. మీరు రాసింది ఇంట్లో నాకు చెప్పలేదు చూడండి. నేను బాధపడతానని." అని లేచాడు. "నేను చెబితే ఆవిడ రాదు. మొండిది. మీరే ఏదన్నా చెయ్యండి."

సోమవారం గవర్రాజు రైలు గేటు దాటి వాళ్ళింటికి వెళ్ళాడు. తిరిగొచ్చి భార్యతో చెప్పుకోగా విన్నాను. ఆవిడ లోపలికి పిలిచింది, మజ్జిగ ఇచ్చింది, తప్పేముంది బాబూ, నీకు కథ వినపడకపోతే కోపం రాదా అంది. సినిమాకి మాత్రం రానంది. "నలుగురిలో నోరు తెరవాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆయనకి ఇంట్లో నేనే కథలు చెప్పుకుంటాలే" అందట. కోపంగా అని ఉంటే బతికిపోయేవాణ్ణి అన్నాడు గవర్రాజు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని మర్నాడు అతని భార్య కూరలావిడతో అంటోంది.

శుక్రవారం వచ్చింది. పదకొండయింది. గవర్రాజు చొక్కా మార్చుకోలేదు. పెసరట్టు కింద ఇలా రాశాడు.

'చీరల రంగులు చెప్పినావిడ మీద నేను రాసింది తప్పు. చూపు లేని భర్తకు ఆవిడ సినిమా చూపిస్తోంది. తెలియక రాశాను. తెలుసుకుని రాయాల్సింది. ఆవిడ మళ్ళీ హాలుకి వచ్చేదాకా నేను సినిమా చూడను, ఈ బల్ల మీద సినిమా మాట ఉండదు. గవర్రాజు.'

ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. తరవాత విసుక్కున్నారు. కొత్త సినిమాలు వస్తున్నాయి, ఎవరితో వెళ్ళాలో చెప్పే దిక్కులేదు. ఒకాయన తెలియక తోడల్లుడితో ఆస్తి తగాదా సినిమాకి వెళ్ళి, ఇంటర్వెల్‌లో మాటామాటా అనుకుని విడివిడిగా తిరిగొచ్చాడు. దాంతో ఆడవాళ్ళు కొందరు గుంపుగా మంగతాయారు ఇంటికి వెళ్ళారు. మీ వెనకా ముందూ మేమే కూర్చుంటాం, గట్టిగా చెప్పండి, మాకూ రంగులు తెలుస్తాయి అన్నారట. గవర్రాజు మాత్రం వాన జల్లు కొట్టినా, తడిగుడ్డ తగిలినా ఆ మాటల్ని మళ్ళీ మళ్ళీ దిద్దుతూ నిలబెట్టాడు. అయిదు శుక్రవారాలు.

ఆరో శుక్రవారం మధ్యాహ్నం, ఆట వదిలిన వేళకు, భార్యాభర్తలిద్దరూ వెలుతుర్లో, నడిరోడ్డు మీద నడుచుకుంటూ వచ్చారు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. మంగతాయారు నా ముందు నిలబడి ఆ క్షమాపణ చదివింది. ఈసారి రెండుసార్లూ చదివింది. తరవాత తన కొంగుతోనే తుడిచేసింది.

"నువ్వు చూళ్ళేదు కదా బాబూ, ఆయన్ని అడిగి రాసుకో" అంది.

గవర్రాజు సుద్దముక్క తీసుకున్నాడు. ముందు రెండు గీతలు గీసి చూసుకున్నాడు. "చెప్పండి బాబాయిగారూ. సినిమా ఎలా ఉంది?"

"కథ మామూలేనండి. పసుపు పచ్చలు మాత్రం ఎన్ని రకాలో" అన్నాడు కామేశం.

అదే రాశాడు గవర్రాజు. "మరి ఎవరితో చూడాలి?"

కామేశం తడుముకోలేదు. "మా ఆవిడతో" అన్నాడు.

అందరూ నవ్వారు. మంగతాయారు "ఊరుకోండి, సిగ్గు లేకపోతే సరి" అంటూ మొహం పక్కకు తిప్పుకుని కళ్ళొత్తుకుంది. గవర్రాజు నవ్వలేదు. నాలుగడుగుల బల్లకు ఈ చివరి నుంచి ఆ చివరికి, తన జన్మలో రాయనంత గుండ్రంగా, 'మంగతాయారు గారితో' అని రాశాడు.

మర్నాడు దాన్ని తుడవడానికి అతనికి మనసొప్పలేదు. ఇడ్లీ, పూరీ ఏమున్నాయో కింద మిగిలిన కాస్త జాగాలో, వంగి, చిన్న అక్షరాలతో రాసుకున్నాడు.