నీలి ఈనె తెగిన పువ్వు

తెల్లారితే చాలు, ఆవిడ చీర ఎగదోపుకుని బురద మడుల్లోకి దిగేది. జపాన్ ఐరిస్ పూల మొక్క‌లకు వేళ్లు తడిలో ఉండాలి, తలలు ఎండలో ఉండాలి. తెల్లపూల మొక్కకి ఊదాపూల పుప్పొడి అద్దడం, కాయ కట్టించడం, గింజ మొలిచి మూడో ఏట పూసేదాకా కాచుకోవడం, ఇదీ ఆ మొగుడూ పెళ్లాల పని. రేకుల మీద చారలొస్తాయో చుక్కలొస్తాయో ముందుగా ఎవరికీ తెలీదు. పూసేనాటికి, పుప్పొడి అద్దిన మనిషి ఒంట్లో ఏముందో మాత్రం ఆ రేకుల ఈనెల్లో కనబడుతుంది. ఆడపడుచు నెల తప్పిన సంగతి పువ్వే ముందు చెప్పింది. అందుకే వీధి చివరి డాక్టరమ్మ బల్ల మీద ఎప్పుడూ, తెచ్చిన పువ్వు పెట్టి చూడ్డానికి, ఓ గ్లాసుడు నీళ్లుంటాయి.

మూడేళ్ల కిందట ఆయన అద్దిన పుప్పొడితో మొలిచిన మొక్క ఆ ఏడు తొలిసారి మొగ్గ తొడిగింది. మొగ్గ కొసన నల్లగా ఉంది. మామగారి పువ్వుకీ మొగ్గ ఇలాగే నల్లబడింది. అది వాడిపోకముందే ఆ పెద్దాయన పోయాడు.

అప్పట్నుంచీ ఆవిడకి ముద్ద దిగలేదు. ఆయన దగ్గితే ఉలిక్కిపడేది. మెట్లెక్కుతుంటే వెనకే ఎక్కేది. ఓ పొద్దున కత్తెర పట్టుకుని మడి దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మొగ్గ తుంచేస్తే రోగం పోతుందటే?"

"నేను చూళ్లేనండీ."

"నువ్వు కళ్లు మూసుకో. నేను చూస్తాలే." ఆయన కత్తెర తీసేసుకున్నాడు.

మర్నాడు పువ్వు విచ్చుకుంది. తెల్లటి రేకు, పసుపు మచ్చ నుంచి పాకిన నీలి ఈనెలు. అన్నిట్లోకీ లావుపాటి ఈనె సగంలో తెగి, దాని చుట్టూ మసి కమ్మినట్టుంది. ఆయనే పువ్వు కోశాడు. ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి నడిచారు.

డాక్టరమ్మ పువ్వుని గ్లాసులో పెట్టి వెలుతురుకేసి తిప్పింది. "గుండె దగ్గర పెద్ద రక్తనాళం. ఇవాళో రేపో తెగేలా ఉంది. చొక్కా విప్పండి."

చాలాసేపు విని, లోపలి గదిలో స్కాన్ తీసి, తిరిగొచ్చి కూర్చుంది. "మీకేం లేదే! అద్దింది మీరేనా?"

"నేనేనండీ. ఆ రోజు జ్వరంతో వేళ్లు వణుకుతుంటే, ఈవిడే నా చెయ్యి పట్టుకుని..."

డాక్టరమ్మ కుర్చీని ఆయన పెళ్లాం వైపు తిప్పింది. "రామ్మా, ఇలా పడుకో."

"హమ్మయ్య, మీకు కాదు," అంది ఆవిడ ఆయనతో. అంతకు ముందు ఎన్నడూ ఆయన పెళ్లాం మీద చెయ్యెత్తాలనుకోలేదు. ఆ మాటకి మాత్రం కొట్టాలనిపించింది.

ఆ పూటే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రక్తనాళం పొర ఉల్లిపొరలా పల్చబడిందనీ, ఇంకో రోజు ఆగితే దక్కేది కాదనీ బయటికొచ్చి చెప్పారు. ఆవిడ కళ్లు తెరిచేసరికి ఆయన మంచం మీదికి వంగి, ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి ఉన్నాడు.

"ఏదీ, ఊపిరి తియ్యి," అన్నాడు.

తీసింది.

"ఇంకోసారి."