అల కోసం నీళ్లు తాగిన ట్యూబు

నేను ఒక ట్రాక్టరు వెనక చక్రంలో ఉండాల్సిన ట్యూబుని. ఇప్పుడు ఆ చక్రంలో లేను. ఎందుకు లేనో చెప్పే ముందు ఒక మాట మనవి చేసుకుంటాను. నాకు భయం ఎక్కువ. అది నా తప్పు కాదు. ఒంట్లో గాలి తప్ప మరేమీ లేకుండా పుట్టినవాళ్లకు లోకంలో ప్రతి వస్తువూ మేకులాగే కనిపిస్తుంది.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో వేడి అచ్చులో నన్ను ఉడికించి తీశారు. గాలి ఊది చూశారు. నీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూశారు. రాలేదని సంతోషించి మడతపెట్టి డబ్బాలో పెట్టారు. ఆ తర్వాత నన్ను ఎవరు చేతిలోకి తీసుకున్నా మొదట చేసే పని అదే, ఊది చూడటం, ముంచి చూడటం. మనుషులు పెళ్లిచూపుల్లో కాఫీలు తాగే బదులు ఈ పద్ధతి పెట్టుకుంటే చాలా గొడవలు తప్పేవి.

కోనసీమలో వైనతేయ గోదావరి ఒడ్డున మేడిశెట్టి సూరిబాబుగారని ఒక రైతు ఉన్నారు. ఆయన తన ట్రాక్టరు కోసం నన్ను కొన్నారు. చక్రంలోకి ఎక్కించాక మళ్లీ వెలుతురు చూడలేదు. చీకట్లో కూర్చుని, ఈ రోడ్డు మీద ముల్లుందేమో, ఆ చేలో గాజుపెంకు ఉందేమో అనుకుంటూ తిరిగాను. అనుకున్నవన్నీ జరగలేదు గానీ, చాలావరకు జరిగాయి. పంక్చర్ షాపాయన అతుకు మీద అతుకు వేసుకుంటూ పోయాడు. ఒక రోజు సూరిబాబుగారు నన్ను ఎండలో పరిచి, ఇందులో ట్యూబు తక్కువ, అతుకులు ఎక్కువ అని తేల్చి, కొత్తదాన్ని తెచ్చుకున్నారు. నన్ను షెడ్డులో పడేశారు. అప్పటికే ముందు చక్రం ట్యూబుని పట్టీలుగా కోసి అరటిచెట్లకు ఊతగా పెట్టిన గెడలకు కట్లు కట్టేశారు. ఎప్పుడు ఎవరు కత్తి పట్టుకుని షెడ్డులోకి వచ్చినా, అది నాకోసమే అనుకుని ముడుచుకుపోయేదాన్ని.

ఆ కత్తి నా దాకా రాకుండా ఆపింది ఒక చిన్న అల.

సూరిబాబుగారు టూరిస్టులను తిప్పడానికి ఒక చిన్న పడవ కొన్నారు. దాని ఇంజను పడవలోనే వెనక పక్క పెట్టెలో ఉంటుంది. రెక్కలున్న కాలు మాత్రం వెనక నుంచి నీళ్లలోకి దిగి ఉంటుంది. ఆయన రెండో కూతురు హైమకు ఆ పడవ చూడగానే వేరే ఆశ పుట్టింది. వైజాగ్‌లో చదువుకునేటప్పుడు ఆ పిల్ల వేక్‌బోర్డు అనే ఆట నేర్చుకుంది. పలకకు బూట్లు బిగించి ఉంటాయి. వాటిలో కాళ్లు దూర్చి, పడవకు కట్టిన తాడు పట్టుకుని నీళ్ల మీద జారాలి. పడవ వెళ్తుంటే వెనక రెండు పక్కలా నీళ్లు గట్లలా లేస్తాయి కదా, ఒక గట్టు ఎక్కి గాల్లోకి లేచి, మధ్య నీళ్లు దాటి, రెండో గట్టు అవతల దిగాలి. అలా దిగినట్టు వీడియో పంపితే పెద్ద పోటీలకు తయారుచేసే క్యాంపులోకి తీసుకుంటారు. పంపకపోతే లేదు. ఎగువన వానలు మొదలయ్యాయి. నేడో రేపో వరద ఎర్రనీరు దిగుతుంది. అది దిగితే పడవ గట్టెక్కాల్సిందే, మళ్లీ దసరా దాకా దానికి నీళ్లు లేవు. అప్పటికి క్యాంపు కూడా అయిపోతుంది.

హైమ తల్లి వీరవేణిగారు. ఆవిడ గుణమూ నా గుణమూ ఒకటే. పడవ గోడకు కొట్టిన రేకు మీద ఎంత బరువు ఎక్కవచ్చో రాసి ఉంటుంది. ఆ ఇంట్లో దాన్ని చదివిన మనిషి ఆవిడొక్కరే. పిల్ల ఎగిరితే మెడ విరుగుతుందని, పడితే ఆ వెనక రెక్కలు కోసేస్తాయని ఆవిడ దిగులు.

"తాడు పొడుగ్గా ఉంటదమ్మా. రెక్కలకి నేనందను," అని హైమ చెప్పింది.

"తాడు తెగితే?"

"తెగితే పడవ ముందుకెళ్లిపోద్ది. నేను ఎనక్కుండిపోతాను."

"అలాగ ఎనక్కుండిపోతే నిన్నెవరు చేసుకుంటారే?"

వీరవేణిగారు చివరికి తేల్చి చెప్పేశారు. "ఎర్రనీరొచ్చే లోపు అయితే అయింది. లేదంటే ఆ చెక్క అటకెక్కుద్ది. మళ్లీ నా ముందర దాని పేరెత్తకు."

అసలు చిక్కు అలతోనే వచ్చింది. చిన్న పడవ, తేలిక పడవ. దాని వెనక లేచే గట్టు వరిచేను గట్టంత కూడా లేదు. ఏది సరిగా రాకపోయినా వేగం పెంచడం సూరిబాబుగారి అలవాటు. పెంచారు. పడవ నీళ్ల మీదకి తేలిపోయి, ఉన్న అల కూడా చాపలా పరుచుకుంది.

"తగ్గించు నాన్నా. ఎంత స్పీడెళ్తే అంత సాపైపోద్ది," అని నీళ్లలోంచి హైమ కేకేసింది.

"తగ్గిస్తే లేస్తదా?"

"మరీ తగ్గిస్తే ఒట్టి నురగే. మధ్యలో ఉంచాలి. బరువు కూడా కావాలి నాన్నా. పడవ కొంచెం దిగబడితేనే అల లేస్తది."

ట్రాక్టరు దిగబడకుండా చూసుకోవడమే బతుకంతా చేసిన మనిషికి, కొత్త పడవను కావాలని దిగబెట్టమంటే కాసేపు మింగుడుపడలేదు. తర్వాత షెడ్డులోకి వచ్చి నా వైపు చూశారు. చేతిలో కత్తి లేదు. అయినా ముడుచుకున్నాను.

నన్ను పడవలో వెనక పక్క పరిచి, వాల్వులో పిన్ను తీసి, మోటారు గొట్టం తగిలించి నీళ్లు పట్టారు. గాలి తప్ప మరొకటి ఎరగని ఒళ్లు నాది. నీళ్లు నిండుతుంటే అతుకులన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఒకటి ఊడితే పడవ మునుగుతుంది, పడవ మునిగితే నా పేరు పోతుంది అనుకుంటూ కదలకుండా పడుకున్నాను. వీరవేణిగారు వచ్చి నన్ను వేలితో నొక్కి చూసి, "ఇది ముగ్గురు మనుషుల పెట్టు. రేకు మీద లెక్కలో దీన్ని కూడా కలపండి," అన్నారు. నన్ను మనుషుల్లో కలిపిన మొదటి మనిషి ఆవిడే.

అల పెరిగింది. కానీ చాలలేదు. హైమ ఎగిరి మధ్యలోనే కూలబడింది. ఇంకా బరువు కావాలంది. ఊళ్లో చూస్తే నాట్ల రోజులు, ఖాళీగా ఉన్న మనిషి లేడు. ఒక్కరు తప్ప.

ఆయన ఈ ఇంటి కొత్త అల్లుడు చక్రధర్. పెద్దమ్మాయి సునందకు మొన్న వేసవిలో పెళ్లయింది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. ఆషాఢంలో అత్తగారూ కొత్తల్లుడూ ఒకే గడప దాటకూడదని మా వైపు పట్టింపు. ఇంటికి రావద్దన్నారు గానీ గోదారి గట్టుకు రావద్దని ఎవరూ అనలేదని చక్రధర్ కనిపెట్టాడు. రోజూ తెల్లారేసరికి పాలకొల్లు నుంచి మోటారుసైకిలు మీద గట్టుకు చేరేవాడు. "పడవింజను ఎలాగుందో చూద్దామనొచ్చేనండి మావయ్యగారు," అనేవాడు. అని, ఇంజను ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూసేవాడు.

"ఎక్కండి అల్లుడుగారు. ఊరికే కూర్చుంటే చాలు," అన్నారు సూరిబాబుగారు. వీడియో తీయడానికి సునంద ముందే ఎక్కింది. ఇద్దరూ వచ్చి సోఫా మీద కూర్చున్నట్టు నా మీద కూర్చున్నారు. వాళ్లు మాట్లాడుకున్నవి చెప్పను. సునంద చీర కొంగుకు పెట్టుకున్న పిన్నీసు నాకు జానెడు దూరంలో ఉంది. అది తప్ప నాకు మరేమీ వినిపించలేదు.

ఇప్పుడు అల ఎత్తుగానే లేచింది. కానీ నిటారుగా, ఇరుగ్గా లేచి, పొంగిన పాలలా పైన విరిగి నురగ కారుతోంది. హైమ ఎక్కబోతే పలక కింద నీళ్లు జారిపోతున్నాయి. బరువంతా వెనకే చేరడంతో పడవ ముక్కు ఆకాశం చూస్తోంది. దారి కనపడక సూరిబాబుగారు నిలబడి నడుపుతున్నారు.

"ముందు బరువు లేదు నాన్నా. ముందెవరన్నా కూర్చోవాలి," అని హైమ అరిచింది.

నన్ను ముందుకు జరపబోయారు. ముందు భాగం ఇరుకు, నేను పట్టలేదు. చక్రధర్‌ను పంపారు. ఆయన వెళ్లిన సంగతి పడవకు తెలియలేదు. సన్నటి మనిషి. పైగా కాసేపటికే, ఎండ కొడుతోందని వెనక్కి వచ్చేశాడు. ఎండ ఇంకా రాలేదు.

పడవ గట్టు దగ్గరకు చేరింది. గట్టు మీద వీరవేణిగారు నిలబడి ఉన్నారు. దిట్టమైన మనిషి. అందరి కళ్లూ ఆవిడ మీదకు వెళ్లి, అంతలోనే భయపడి గోదారి మీదకు మళ్లాయి. కట్టుకున్న మొగుడు గనక సూరిబాబుగారే నోరు తెరిచారు.

"ఏమే, నువ్వెక్కు."

"అల్లుడుగారున్న పడవలోకా? ఆషాఢంలోనా? మీకు మతుండే అంటున్నారా?"

"పడవకి గడపెక్కడిదే?"

"ఆ అంచేంటి మరి? కాలెత్తి దాటేరా లేదా?"

"కాలెత్తి దాటిందల్లా గడపైతే పొలంగట్టు కూడా గడపేనా?"

"నేను దిగిపోతానండి," అన్నాడు చక్రధర్, దిగకుండా.

హైమ నీళ్లలో పలక మీద చేతులు వేసుకుని ఉంది. "అమ్మా, అటు చూడు," అంది. ఎగువన, పాయ వంపు దగ్గర, నీళ్ల రంగు మారింది. పల్చటి టీ రంగు. సూరిబాబుగారు అటు చూసి, "మధ్యాన్నానికి పడవ గట్టెక్కించెయ్యాలి," అని మెల్లగా అన్నారు. హైమ బూట్ల పట్టీ విప్పుకోవడం మొదలుపెట్టింది.

వీరవేణిగారు ఆ చేతుల వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత మొగుణ్ని అడిగారు. "వాళ్లిద్దరూ ఎక్కడినుంచి ఎక్కేరు?"

"ఎనక మెట్టు మీంచి."

"అయితే ముక్కు ఇటు తిప్పండి. నేను ముందర్నుంచి ఎక్కుతాను. ఆ గడప ఏరు, ఈ గడప ఏరు."

చీర మీద లైఫ్ జాకెట్ బిగించుకుని, దేవుళ్లందరినీ పిలుచుకుంటూ ఎక్కారు. అల్లుడికి ఎదురుపడకూడదు గనక వీలైనంత దూరంగా, ముక్కు చివరికి వెళ్లి, వెనక్కి తిరగకుండా కూర్చున్నారు. బరువు ఎక్కడ కావాలో అచ్చం అక్కడే. పడవ ముక్కు నెమ్మదిగా కిందికి దిగింది. అది ఒట్టి ఒంటి బరువు కాదని నా అనుమానం. ఇన్నేళ్ల దిగులు కూడా అందులో తూగి ఉంటుంది.

పడవ కదిలింది. నా కింద నీళ్లు వేరేగా నడుస్తున్నాయని నాకు తెలిసింది. వెనక అల నురగ లేకుండా, ఇస్త్రీ చేసిన పంచె అంచులా పొడుగ్గా సాగింది. హైమ దూరంగా జరిగి, తాడు బిగించి, అల గట్టు వైపు దూసుకొచ్చింది. ఎక్కింది. తర్వాత పలక కింద నీళ్లు లేవు. నా అతుకులన్నీ మళ్లీ చేతులు పట్టుకున్నాయి.

ముక్కు దగ్గర వీరవేణిగారు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. "దిగిందా?" అని అడిగారు. సూరిబాబుగారికి వెనక కనపడదు. సునంద ఫోను కదిలిపోతుందని ఊపిరి కూడా తీయడం లేదు. పెళ్లయిన నాటి నుంచి అత్తగారితో ఎదురుగా ఒక్క మాట మాట్లాడి ఎరగడు చక్రధర్. గొంతు సవరించుకున్నాడు.

"దిగిందండి అత్తయ్యగారు. అవతలకి దిగి నిలబడిందండి."

ఆవిడ తిరగలేదు. "కాళ్లూ చేతులూ?"

"అన్నీ ఉన్నాయండి."

మధ్యాహ్నానికి గోదారి ఎర్రబడింది. పడవను గట్టెక్కించి, నాలో నీళ్లు వదిలేశారు. ఇప్పుడు పడవలోనే టార్పాలిన్ కింద మడతలు పడి ఉన్నాను. చుట్టూ చీకటే గానీ, ఇక్కడ ముళ్లు లేవు. ఎలుకలు ఉండొచ్చు. ఆ సంగతి వేరే ఆలోచిస్తున్నాను.

నిన్న క్యాంపు వాళ్లు ఫోన్ చేశారు, రమ్మని. హైమ తన పలక తీసుకోవడానికి పడవ దగ్గరకు వచ్చింది. వెనకే వీరవేణిగారు బట్టలు సర్దుతున్న సంచి చేతిలో పట్టుకునే వచ్చారు. అన్నం వేళకు పెడతారా, డాక్టరు ఉంటాడా అని అన్నీ అడిగారు. తర్వాత అసలు ప్రశ్నకు వచ్చారు.

"అక్కడ పడవ పెద్దదా?"

"పెద్దదేనమ్మా. అల మనిషంతెత్తు లేస్తదంట."

"బరువెలాగ?"

"పడవలోనే ట్యాంకులుంటాయి. మీట నొక్కితే నీళ్లు అవే నింపుకుంటాయి."

నా సంగతి అలా ఒక మీటతో తేలిపోయింది. వీరవేణిగారు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. కాసేపు పడవ ముక్కు వైపు చూశారు.

"మరి ముందెవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరమ్మా."

ఆవిడ సంచి జిప్పు మళ్లీ తెరిచి హైమ చేతికిచ్చారు. "ఇందులో నా చీరలు రెండు పెట్టు."