ఆధార్ ఉంది, ఆధారం లేదు

సన్యాసిరావుకి సన్యాసం పేరులోనే ఉంది, సంసారం మాత్రం నడుంనొప్పిలో ఉంది. విజయనగరం వైపు నుంచి రాష్ట్రం దాటి ఈ ఇనుపగనుల టౌన్‌షిప్‌కి వచ్చి, బజారు చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టి, అక్కడే జుట్టు నెరిశాడు. నెరిసిన జుట్టు కూడా ఇక్కడ తెల్లగా ఉండనివ్వరు, దుమ్ముకి ఎర్రబడిపోతుంది. "ఖనిజంలో నిజం ఉంది, తవ్వేవాళ్లకే దొరకలేదు" అని ఒకప్పుడు బజారంతా నవ్వించేవాడు. ఈమధ్య తన జోకులకి తనే నవ్వడం మానేశాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చాక సంచిలో ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక అమ్మాయి మెట్లెక్కింది. పేరు ఆయతి. ఊరు కొండకింది కోయపల్లె. ఏటా మిరపకాయలు ఏరడానికి భద్రాచలం అవతలికి పోతుంది గనక తెలుగు గడగడా వచ్చు.

"పాస్‌వర్డ్ మర్చిపోయిన అన్నా. తెరిచియ్యి."

"పేరుకి పాసు గానీ అందరూ ఫెయిలయ్యేది అందులోనేనమ్మా. బిల్లుందా?"

"వానలకు గనికాడి ఎర్రబురద ఇంట్లకొచ్చింది. బిల్లు అండ్లనే పోయింది. ఆధార్ ఉంది."

"ఆధార్ ఉంది, ఆధారం లేదు" అని నిట్టూర్చాడు. క్వార్టర్లలో దొంగతనాలు జరుగుతున్నాయి. ఎవరి సొత్తో తేలకుండా తాళం తీస్తే కొట్టుకే తాళం వేస్తామని ఠాణావాళ్లు చెప్పి వెళ్లారు. పక్కవీధిలో ఒక కొట్టుకి వేశారు కూడా.

"అంత తొందరేటి నీకు?"

"రేపు జనసున్‌వాయి." అంటే సర్కారువాళ్లు గనివాళ్లనీ ఊరివాళ్లనీ కూర్చోబెట్టి ఇద్దరి మాటా వినే సభ. "మా మడి బురదల కూరుకపోయింది. గనివాళ్లేమో అది మొదటి నుంచి బీడే అంటున్నరు. వరి పచ్చగున్నప్పుడు తీసిన ఫోటోలు ఇండ్లనే ఉన్నయి. ఇంకెక్కడ లేవు."

"సరే. తెరవగానే ఏ పేర్లొస్తాయో చెప్పు. కలిస్తే తీస్తాను." స్క్రీన్ తనవైపు తిప్పుకుని బటన్ నొక్కాడు.

"రెండొస్తయి. నేను, నువ్వు."

"నేనిక్కడున్నాను తల్లీ, నువ్వక్కడున్నావు. స్క్రీన్ మీద ఎవరున్నారని?"

"అదే చెప్తున్న. పైన నేను. కింద నువ్వు."

స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేర్లున్నాయి. సన్యాసిరావు కూడబలుక్కున్నాడు: పైన నాన్న, కింద నిమ్మ. ఇది ఎవరో తెలుగింటి సొత్తు. నాన్న సరే, నిమ్మ ఎవరు? ముద్దుపేరై ఉంటుంది. సొంత కూతురే ఫోన్లో తండ్రి పేరు ‘గుమ్మడి’ అని పెట్టుకోలేదూ? ఏమైనా ఈ పిల్లది మాత్రం కాదు.

మూత వేసి ముందుకి తోశాడు. "కలవలేదమ్మా. ఠాణాకి చెప్పన్లే. ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడ పెట్టేసిరా."

"దొంగననుకుంటున్నవా?"

"అనుకోడానిక్కూడా ఓపిక లేదు."

ఆయతి కదల్లేదు. మెట్టు మీదే కూలబడి, ఇంటికి ఫోన్ చేసి కోయలో ఏదో చెప్పుకోసాగింది. మాటకొకసారి "నన్న, నన్న" అంటోంది.

"మీ నాన్నకి చెప్పు, నాతో మాట్లాడమని" అన్నాడు లోపల్నుంచి.

"అమ్మతోని మాట్లాడుతున్న."

"మరి ఇందాకట్నుంచీ నాన్నా నాన్నా అంటున్నావు?"

"నాన్న కాదు, నన్న. అంటే నేను. మా కోయల."

సన్యాసిరావు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "మరి నిమ్మ?"

"నువ్వు. నాకొకటి, మా చెల్లెకొకటి పెట్టిన."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదమ్మా."

"చెప్పిన గద. నీకు కోయ రాదని తెలుగుల చెప్పిన."

ఇన్నేళ్లలో చింతపండు బేరమాడేంత కోయ నేర్చాడు. నేనూ నువ్వూ అనే మాటలతో పని పడలేదు. నిమ్మ మీద ఏదైనా జోకు పిండుదామని చూశాడు. ఎంత పిండినా రసం రాలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని పాత పాస్‌వర్డ్ తీసేశాడు.

ఫోటోలు తెరుచుకున్నాయి. మోకాలెత్తు వరి, గట్టున ఆయతి. వెనక కొండ ఇంకా కొండలాగే ఉంది. ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు.

"రేపు వాళ్లు గూడ నీ లెక్కనే అడుగుతరు. ఈ ఫోటోలు నీయే అనడానికి సాక్ష్యమేంది అని. నీ కండ్ల ముందే తెరుచుకున్నయి గద. వచ్చి చెప్తవా అన్నా?"

"వస్తాను గానీ..."

"గానీ ఏంది?"

"గాని కాదమ్మా, గని. నా గిరాకీ అంతా గనివాళ్లే. రేపు నోరు తెరిస్తే ఎల్లుండి కొట్టు తెరవక్కర్లేదు."

ఆమె బతిమాలలేదు. కాదనిపించుకోవడం అలవాటైన మనిషిలా తలూపి, పెన్‌డ్రైవ్ చున్నీ కొసన ముడేసుకుని మెట్లు దిగింది.

సన్యాసిరావుకి లేవాలంటే ఓపిక లేదు. కాదని కూర్చోడానికీ ఓపిక కావాలని, అదీ లేదని అప్పుడే తెలిసొచ్చింది.

"ఆయతీ, రేపు బస్సెక్కడ ఎక్కాలి?"

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "బస్సు లేదన్నా. ఊరోళ్లమందరం ట్రాక్టర్ల పోతున్నం."

"ట్రాక్టరా" అని నడుం పట్టుకున్నాడు. "సరే. నన్ను ముందు కూర్చోనివ్వండి. వెనకైతే ఆ కుదుపులకి నేను చెప్పాల్సిన సాక్ష్యం కూడా ఊడిపోతుంది."